ముద్ర పడని స్టాంపు

ఫిబ్రవరి 4

ఒరేయ్ మొద్దూ,

ఎవరబ్బా అని కవరు తిరగేసి చూసుకోకు, నేనే, మీ అక్కని. అమ్మ పోయాక మన మధ్య ఇదే మొదటి ఉత్తరం. ఆ రోజు నేను నిన్ను చుట్టపు చూపుగా వచ్చావన్నాను, నువ్వు చెప్పులేసుకుని వెళ్ళిపోయావు. నాలుగేళ్ళయింది. ఆ సంగతి ఇప్పుడు ఎత్తను, ఎత్తితే ఈ కాగితం చాలదు. ఇది పూర్తిగా పనిమీద రాస్తున్న ఉత్తరం.

నా కుట్టు షెడ్డు నీకు తెలుసుగా, ఆస్పత్రులకి దుప్పట్లూ గౌన్లూ కుట్టిస్తాను. బట్ట కొట్టు ఆయనకి నెలనెలా చెక్కు పోస్టులో పంపిస్తాను. మొన్న ఆయన ఫోను చేసి, "ఏమ్మా, ఈసారి మమ్మల్ని మర్చిపోయారా" అన్నాడు. పంపానని నేను, రాలేదని ఆయన, కాసేపు మాటామాటా అనుకున్నాం. తీరా బ్యాంకుకి వెళితే ఆ చెక్కు ఎప్పుడో డబ్బయి పోయింది. నకలు తీసి చూపించారు. నంబరు నాదే, సంతకం నాదే. పేరు మాత్రం నేను జన్మలో వినని మనిషిది. అంకె నేను రాసినదానికి నాలుగింతలు. చెరిపిన మచ్చ లేదు, దిద్దిన గీత లేదు. అక్షరాలు కూడా అచ్చం నా అక్షరాలే రా. నేనే రాసి మర్చిపోయానేమోనని ఒక్క క్షణం అనిపించింది. నా బట్టలు కట్టుకుని ఎవరో నాకే ఎదురొచ్చినట్టయింది.

నువ్వు కంపెనీలవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఇలాంటి మోసాలు ఎలా ఆపుకోవాలో చెప్తుంటావని విన్నాను. ఊరందరికీ చెప్పేది ఇంట్లోవాళ్ళకి కూడా కాస్త చెప్పు. షెడ్డులో ముప్పై మంది ఆడవాళ్ళున్నారు. ఇంకోసారి ఇలా జరిగితే వాళ్ళ జీతాలు ఎక్కణ్ణించి తేను?

ఫోను మాత్రం చెయ్యకు. నీ గొంతు వింటే ఆ రోజు మాటలన్నీ మళ్ళీ నోటికొస్తాయి. కాగితం మీదయితే కొట్టెయ్యొచ్చు. చెక్కు పోయిందని ఫిర్యాదు ఇద్దామని పోస్టాఫీసుకి వచ్చాను, ఆ కిటికీ దగ్గరే నిలబడి ఇది రాసి ఇక్కడే ఇచ్చేస్తున్నాను. రాత బాగోకపోతే సర్దుకుపో.

మీ అక్క
(కోపం ఇంకా పోలేదు)


ఫిబ్రవరి 10

అక్కకు,

ఉత్తరం అందింది.

నీ చెక్కును కడిగారు. మామూలు పెన్ను సిరా కాగితం పైపైనే ఉంటుంది. గోళ్ళరంగు తుడిచే మందులాంటి దానిలో ముంచితే పోతుంది. సంతకం మీద టేపు అంటించి దాన్ని కాపాడుకుంటారు. ఆరబెట్టి కొత్త పేరు రాస్తారు. అక్షరాలు నీవాటిలాగే ఉండటంలో వింతేమీ లేదు. నీ రాత చూసి నేర్చుకుని ఉంటాడు. ఈ పని చేసేవాళ్ళలో కొందరు చాలా ఓపికగల మనుషులు.

మీ వీధి మూలనున్న పోస్టు డబ్బాలో వేశావా? వేసి ఉంటే ఇక అందులో చెక్కులు వెయ్యకు. తాడుకి జిగురు రాసిన అట్టముక్క కట్టి లోపలికి వదిలితే కవర్లు అంటుకుని పైకి వస్తాయి. పోస్టాఫీసు కౌంటరులోనే ఇవ్వు. కాగితంలోకి ఇంకిపోయే నల్లసిరా పెన్ను కొనుక్కో. అన్నిటికంటే ముఖ్యం, ఏ రోజు రాసిన చెక్కుల లిస్టు ఆ సాయంత్రమే బ్యాంకుకి పంపు. నంబరు, పేరు, మొత్తం. లిస్టులో లేని చెక్కుకి వాళ్ళు డబ్బివ్వరు. ఇది రోజూ జరగాలి. ఒక్క రోజు మానినా తలుపు తీసి పెట్టినట్టే.

నేను చేత్తో రాయను, సంతకం చెయ్యను. ఇరవై ఏళ్ళుగా చేతిరాతలు దొంగిలించడమే చూస్తున్నాను. కోపంతో టైపు చేశాననుకోవద్దు.

చేసినవి చేసినట్టు జవాబు రాయి.

తమ్ముడు


ఫిబ్రవరి 15

ఒరేయ్ మొద్దూ,

నీ ఉత్తరం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కరెంటు ఆఫీసు నోటీసు కింద కూడా ఎవరిదో ఒక సంతకం ఉంటుంది. "అక్కకు" అట. చిన్నప్పుడు గంటక్కా గంటక్కా అంటూ నా కొంగు పట్టుకు తిరిగేవాడివి. ఊపిరి తీసుకోకుండా మాట్లాడతానని ఆ పేరు పెట్టింది కూడా నువ్వే. ఇప్పుడేమో టైపు కొట్టి, సంతకం లేకుండా పంపావు. ఇది మా తమ్ముడే రాశాడని ఎవరికైనా చూపించాలంటే నా దగ్గర సాక్ష్యమేదీ లేదు.

సరే, చెప్పినవన్నీ చేశాను. నల్లసిరా పెన్ను కొన్నాను. దానితో రాస్తే చెక్కు వెనకవైపుకి కూడా కాస్త తేలుతోంది. రోజూ సాయంత్రం మిషన్లు ఆపగానే నేనే కూర్చుని లిస్టు బ్యాంకుకి పంపిస్తున్నాను. మా కటింగ్ మాస్టారు చూసి, "ఏంటమ్మా, బడిపిల్లలా హోంవర్కు" అని ఎగతాళి చేస్తున్నాడు. చెక్కులన్నీ ఇప్పుడు కౌంటరులోనే. అంత దూరం నడిచి వచ్చేసరికి కుడి మోకాలు పట్టేస్తోంది. నీ ఉత్తరం మాత్రం మన వీధి మూల డబ్బాలోనే వేస్తాను. ఇది చెక్కు కాదు కదా, నా సోది ఎత్తుకెళ్ళి ఎవడేం చేసుకుంటాడు.

అమ్మ సంగతి నీకు చెప్పవలసింది ఒకటుంది. ఆ రోజు చెప్పలేకపోయాను. ఎప్పుడైనా మనసు బాగున్నప్పుడు రాస్తాను.

గంటక్క


ఫిబ్రవరి 19

గంటక్కా,

తిట్టావు, బాగుంది. రెండుసార్లు చదువుకున్నాను. టైపు అలవాటు మాత్రం పోదు, ఇదీ టైపే, దీనికీ సంతకం ఉండదు. నువ్వు తిడుతుంటే పక్కన కూర్చుని వింటున్నట్టు ఉంటుంది కాబట్టి తిట్టడం ఆపకు.

కుడి మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టు. అంతంత దూరాలు ఎందుకు నడుస్తావు, ఎవరినైనా పంపకూడదా? నాకు రాసే ఉత్తరాల కోసమైతే అసలు నడవకు, మూల డబ్బా చాలు.

సాయంత్రం లిస్టు నువ్వే పంపుతావా, ఇంకెవరైనా ఆ పని చేస్తారా? ఎప్పుడైనా ఆపవలసివస్తే ఎవరికి చెప్పాలి? ఇలాంటివి నాకు తెలిసి ఉంటే మంచిది.

అమ్మ సంగతి అన్నావు. మనసు బాగున్నప్పుడు అంటూ కూర్చుంటే ఎప్పటికీ చెప్పవు. ఇప్పుడే రాయి. నేనెక్కడికీ పోను.

నీ మొద్దు


ఫిబ్రవరి 23

మొద్దూ,

నీ ఉత్తరం తలుపు సందులోంచి పడి ఉంది. పోస్టాయన రావడం కూడా చూడలేదు. "గంటక్కా" అన్న ముక్క దగ్గర ఆగిపోయాను, చాలాసేపు ముందుకి వెళ్ళలేదు. నాలుగేళ్ళు మూతి ముడుచుకున్నవాడివి ఒక్క తిట్టుతో దారికొస్తావని తెలిస్తే ఎప్పుడో తిట్టేదాన్ని. అన్నట్టు, నీ కవరు మీద స్టాంపుకి ముద్ర వెయ్యడం మర్చిపోయారు. నీళ్ళలో నానబెట్టి ఊడదీశాను, ఈ కవరుకి అదే అంటించాను. నవ్వుతావని తెలుసు.

లిస్టు పంపేది నేనే. ఆపాలన్నా నేనే బ్యాంకు మేనేజరుకి చెప్పాలి.

ఇక అమ్మ సంగతి. చివరి వారం అమ్మకి చూపు ఆనలేదు. ఏం పెట్టినా నోరు బిగించేది. వార్డులో మంచాలు తుడిచే ఆయన ఒకడుండేవాడు, నీ అంత ఎత్తు, నీలాగే నీళ్ళు నములుతూ మాట్లాడేవాడు. ఒక మధ్యాహ్నం అతను మంచం పక్కకి వచ్చేసరికి అమ్మ చెయ్యి పట్టుకుని, "వచ్చావా నాన్నా" అంది. ఆయన నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆయన చీపురు గోడకి ఆనించి కూర్చుని, చెంచాతో పాలు పట్టాడు. నేను పడితే తెరవని నోరు అతనికి తెరిచింది. "ఉద్యోగంలో పడి తిండి మానేశావు, చిక్కిపోయావు" అని అతన్ని కోప్పడింది. ఆ తర్వాత రోజూ వచ్చి కాసేపు కూర్చునేవాడు. నీ పేరు చెప్పి పిలిస్తే పలికేవాడు. అమ్మ నీ మీద ఏ బెంగా లేకుండా పోయింది రా.

నువ్వు మర్నాడు వచ్చావు. నిన్ను గుమ్మంలో చూడగానే ఒళ్ళు మండింది. నీ చోటు అప్పటికే ఒకళ్ళు కూర్చుని లేచిపోయారు. ఆ మాట నీతో ఎలా చెప్పను? అందుకే ఇంకేదో అన్నాను. ఇదే నేను చెప్పలేకపోయింది. చదివి ఏమనుకున్నావో రాయి, ఎంత కటువుగా ఉన్నా సరే.

గంటక్క


మార్చి 1

అక్కకు,

జవాబు రాలేదు. నా ఉత్తరం అందిందో లేదో తెలియదు. అంది, రాయడం ఇష్టం లేకపోతే ఆ ముక్కే రాయి.

రోజూ లిస్టు పంపుతున్నావా లేదా? దానికి జవాబు చాలు. ఒకసారి రుచి మరిగినవాడు ఆ వీధికి మళ్ళీ వస్తాడు.

నేను రాసిన తీరు బాగోలేదేమో. నాకు వేరేగా రాయడం చేతకాదు.

తమ్ముడు


మార్చి 4

ఏరా,

నీకు గుండె ఉందా లేదా? అమ్మ సంగతంతా కడుపులోంచి తోడి రాస్తే, లిస్టు పంపుతున్నావా లేదా అని అడుగుతావా? జవాబు రాలేదట. అంత పొడుగు ఉత్తరం రాశాను, అది జవాబు కాదా? ఉత్తరాలు దారిలో దాటిపోయాయేమోనని సర్దిచెప్పుకుందామని చూశాను, మనసు ఒప్పుకోలేదు. ఎందుకంటే మామూలు కవర్లో వచ్చిన నువ్వు ఒక మనిషివి, ఆఫీసు పేరు అచ్చేసిన కవర్లో వచ్చిన నువ్వు ఇంకో మనిషివి. ఒకడు గంటక్కా అంటాడు, ఇంకొకడు అక్కకు అంటాడు. ఇద్దరిలో ఎవరికి రాస్తున్నానో తెలియక ఈ ఉత్తరం పైన ఏ పేరూ పెట్టలేదు.

నాకిప్పుడు తీరిక కూడా లేదు. పెద్ద ఆస్పత్రివాళ్ళ ఆర్డరు పూర్తయింది, డబ్బు ఖాతాలో పడింది. జీతాల రోజు దాకా ఆ డబ్బుని కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాయాలి. ఆడవాళ్ళు ఈ ఆర్డరు కోసం రెండు నెలలు ఆదివారాలు కూడా వచ్చి కుట్టారు. వాళ్ళలో ఒక్కదానికి మొండిచెయ్యి చూపించవలసివచ్చినా నేను షెడ్డు తాళం తియ్యలేను.

అమ్మ సంగతికి జవాబు రాస్తే రాయి. లేకపోతే ఇక రాయకు.

అక్క


మార్చి 7

గంటక్కా,

తప్పంతా నాది. నా ఆఫీసులో ఒక గుమాస్తా ఉన్నాడు. జవాబు పెండింగులో ఉన్నవాళ్ళందరికీ గుర్తుచేస్తూ నా పేరుతో ఉత్తరాలు కొట్టేస్తాడు. నీ పేరు కూడా అతని లిస్టులో పడింది. ఇకమీదట ఆఫీసు కవర్లో వచ్చింది విప్పకు కూడా, పక్కన పడెయ్యి. లోపల గంటక్కా అని ఉంటేనే నేను రాసినట్టు. అది మనిద్దరికే తెలిసిన గుర్తు, ఇంకెవరూ దొంగిలించలేరు.

అమ్మ సంగతి చదివి ఏడ్చాను. నిజంగా ఏడ్చాను. ఆ మంచాలు తుడిచే ఆయన మీద నాకు కోపం రాలేదు. ఎవరో ఒకరు ఆ కుర్చీలో కూర్చున్నారు కదా, అది చాలు. నువ్వు తల ఊపడం కూడా సరైన పనే. అమ్మకి కావలసింది దొరికింది. నిన్ను నువ్వు నలుపుకోకు.

ఇంకొక సంగతి. నీ కొత్త పెన్ను ఎంతవరకు నిలుస్తుందో ఇక్కడ పరీక్ష చేయిస్తాను. మూడు చెక్కుల మీద సంతకం మాత్రం పెట్టి పంపు, మిగతాది ఖాళీగా వదిలెయ్యి. పరీక్ష జరిగే వారం రోజులూ లిస్టు ఆపుతున్నానని మేనేజరుకి చెప్పు, లేకపోతే బ్యాంకువాళ్ళు కంగారుపడి పని చెడగొడతారు. కవరు మూల డబ్బాలోనే వెయ్యి, నా పేరుతో ఉన్న కవరు ఎవరికీ పట్టదు. ఆ మోకాలితో కౌంటరు దాకా వెళ్ళకు. ఆ మోకాలితో కుర్చీ ఎక్కి మేడ మీద బల్బులు కూడా మార్చకు, పడితే ఎవరు చూస్తారు?

నీ మొద్దు


మార్చి 10

మొద్దూ,

ఆ రెండో పేరా నాలుగుసార్లు చదివాను. ఇంక నాకు ఏమీ అక్కర్లేదు. ఇన్నాళ్ళూ గొంతులో ముల్లులా ఉన్నది ఒక్కసారిగా దిగిపోయింది.

మూడు చెక్కులూ ఇందులో పెడుతున్నాను. మూల డబ్బాలో వెయ్యొద్దన్నది నువ్వే, వెయ్యమన్నదీ నువ్వే, పెద్ద మేధావివి. కటింగ్ మాస్టారు చూసి, "ఖాళీ చెక్కు మీద సంతకమా, అమ్మా" అని నోరు వెళ్ళబెట్టాడు. సొంత తమ్ముడికి కాకపోతే ఎవరికి ఇస్తాను అన్నాను. మేనేజరుకి కూడా చెప్పాను, లిస్టు వారం రోజులు ఆపుతున్నానని. ఆయన రెండుసార్లు అడిగాడు, నేను విసుక్కున్నాను. ఆఫీసు కవరు ఇంకోటి వచ్చింది, నువ్వు చెప్పినట్టే విప్పకుండా సొరుగులో పడేశాను.

ఒకటి అడగనా? మేడ మీద బల్బు సంగతి నేను నీకు ఎప్పుడు రాశాను? ఆదివారం కుర్చీ వేసుకుని మార్చిన మాట నిజమే. కానీ రాసినట్టు గుర్తులేదు. రాసే ఉంటాను, ఈమధ్య ఏది రాశానో ఏది అనుకున్నానో తేడా తెలియడం లేదు. అయినా అది చదివాక ఎందుకో లేచి వెళ్ళి పరదా లాగి వచ్చాను. తర్వాత నాకే నవ్వొచ్చింది.

ఇంతకుముందు ఉత్తరం వేసేటప్పుడు రెండు చేతుల నిండా సంచులు. డబ్బా దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు, మూత పైకెత్తి పట్టుకున్నాడు. "జాగ్రత్తండీ, మోకాలు" అన్నాడు. కుంటుతుంటే చూసి ఉంటాడు. మంచివాళ్ళు ఇంకా ఉన్నారు.

గంటక్క


మార్చి 14
రిజిస్టరు పోస్టు

అక్కకు,

ఇది సంతకం పెడితేనే ఇస్తారు కాబట్టి నీ చేతికి అందుతుందని నమ్మకం. ఫిబ్రవరి నాలుగున నువ్వు పోస్టాఫీసులో నిలబడి రాసిన ఉత్తరం ఒక్కటే నాకు చేరింది. ఆ తర్వాత ఏమీ లేదు. నేను ఇప్పటికి మూడు రాశాను, ఇది నాలుగోది. కోపం వచ్చి మానేశావేమోనని మొదట అనుకున్నాను. నీకు కోపం వస్తే నువ్వు మానవు, ఇంకా ఎక్కువ రాస్తావు. అది గుర్తొచ్చాక నిద్రపట్టలేదు.

ఉత్తరాలు రాసి మూల డబ్బాలో వేస్తున్నావా? నేను చెక్కులు వెయ్యొద్దన్నానే తప్ప ఉత్తరాలు వెయ్యొద్దని రాయలేదు. అది నా పొరపాటు. ఆ డబ్బాలోంచి తీసేవాడు చెక్కులే ఏరుకోడు, పైకొచ్చిందంతా తీసుకుంటాడు, చదువుతాడు. నేను టైపు చేస్తానని, సంతకం చెయ్యనని నీ ఉత్తరంలో ఎక్కడైనా రాసి ఉంటే, నా పేరుతో నీకు రాయడానికి వాడికి ఇంకేమీ అక్కర్లేదు. నా రాత ఎవరూ దొంగిలించకూడదని టైపు మొదలుపెట్టాను. ఎవరైనా నాలాగే రాయగలిగేలా చేశానని ఇప్పుడు అర్థమవుతోంది.

నా బదులు రాయడానికి ఆఫీసులో ఎవరూ లేరు, ఉన్నది ఒక గదీ ఒక టైపు మిషనూ. నా పేరుతో ఎవరేం అడిగినా ఇవ్వకు. ఇచ్చి ఉంటే ఇది పట్టుకునే బ్యాంకుకి పరుగెత్తు. తర్వాత నాకు ఫోను చెయ్యి. తిట్టాలనిపిస్తే తిట్టు. నీ గొంతు వినాలి నాకు.

తమ్ముడు


మార్చి 19

గంటక్కా,

ఇన్ని రోజులైంది, ఉత్తరం లేదు. ఒంట్లో బాగోలేదా? మోకాలు ఎక్కువైందా? చెక్కుల సంగతి అడగడం లేదు, దాని గురించి నువ్వు దిగులుపడకు.

మేడ మీద పరదా తియ్యడమే లేదు. లోపల దీపం ఉందో లేదో కూడా తెలియడం లేదు. షెడ్డు నుంచి కూడా పెందరాళే వచ్చేస్తున్నావు. ఎవరో వచ్చినట్టున్నారు ఇంటికి.

రెండు ముక్కలైనా రాయి. తిట్టు, పరవాలేదు. రోజూ చూస్తున్నాను. నీ ఉత్తరం లేకపోతే పొద్దు గడవడం లేదు.

నీ మొద్దు


మార్చి 21

కవరు మీద మా తమ్ముడి పేరు రాశాను. చదివేది నువ్వని తెలుసు. నిన్ను ఏమని పిలవాలో తెలియక పిలవకుండానే మొదలుపెడుతున్నాను.

సంతకం పెట్టి తీసుకున్నదాన్ని సొరుగులో పడెయ్యబుద్ధి కాక, రిజిస్టరు ఉత్తరం గుమ్మంలోనే నిలబడి చదివాను. చదువుతుంటే పోస్టాయన, "కూర్చోండమ్మా, పడిపోయేలా ఉన్నారు" అన్నాడు. బ్యాంకుకి వెళ్ళేసరికి మొదటి చెక్కు అయిపోయింది. రెండోది, మూడోది మేనేజరు ఆపేశాడు. జీతాల డబ్బులో సగం నువ్వు తిన్నావు. రెండు నెలలు ఆదివారాలు కుట్టినవాళ్ళ డబ్బది. వాళ్ళకి మా తమ్ముడు సర్దాడు, ఒక్కరికి కూడా తక్కువ చెయ్యలేదు. ఇది నీకు చెప్పవలసిన అవసరం లేదు, అయినా చెప్తున్నాను, ఎందుకంటే అన్నీ నీకు చెప్పే అలవాటు చేశావు.

తర్వాత మా తమ్ముడికి ఫోను చేశాను. ఎత్తగానే వాడు, "నీ ఉత్తరాలు నాకు రాలేదక్కా" అన్నాడు. నాలుగేళ్ళకి విన్న మొదటి మాట అది. మర్నాటికల్లా వచ్చేశాడు. మనిషి సన్నబడ్డాడు, జుట్టంతా పోయింది. నీ ఉత్తరాలు అడిగి తీసుకుని బల్ల మీద పరిచి, కవర్లు కిటికీ దగ్గర పెట్టి చూశాడు. ఒక్క స్టాంపు మీద కూడా ముద్ర లేదు. అంటే అవి పోస్టులో రాలేదు. నువ్వే నడిచి వచ్చి మా తలుపు సందులోంచి వేశావు, నేను లోపల కూర్చుని ఉండగానే. ఎన్నిసార్లు వచ్చావో, వచ్చి ఎంతసేపు నిలబడ్డావో. ఇప్పుడు తలుపు దగ్గర చిన్న చప్పుడైనా తమ్ముడే లేచి చూస్తున్నాడు.

వాడు మేడ ఎక్కాడు. నేను బల్బు మార్చినచోటే కుర్చీ వేసుకుని నిలబడి, పరదా పక్కకి లాగి చూశాడు. అక్కడినుంచి కనిపించే కిటికీ ఒక్కటే ఉంది, ఎదురుగా మూతపడిన గడియారాల కొట్టు మీది గది. ఆ గది అద్దెకిచ్చిన కొట్టు ఆయన్ని అడిగాం. ఒంటరి మనిషి, నెమ్మదస్తుడు, అద్దె ఎప్పుడూ ఆలస్యం చెయ్యడు అని నీ గురించి చెప్పాడు. డబ్బా మూత ఎత్తి పట్టుకున్న మనిషి పోలికలే చెప్పాడు.

నిన్ను కడుపారా తిడదామని కూర్చున్నాను. తిట్లకి నేను వెతుక్కోనక్కర్లేదని నీకు తెలుసు. రావడం లేదు. డబ్బు కాజేసి ఊరుకుని ఉంటే సుఖంగా తిట్టుకునేదాన్ని. నువ్వు నా మోకాలు అడిగావు, నన్ను నలుపుకోవద్దన్నావు. మా తమ్ముడు రాయలేనివి, నేను వాడి దగ్గరనుంచి వినాలనుకున్నవి అన్నీ నువ్వే రాశావు. నేనేం ఆశపడ్డానో నా ఉత్తరంలోనే చదివి, అదే నాకు తిరిగి పంపావు. ఏడ్చానన్నావు. నిజమో కాదో నాకు తెలియదు. నీ ఉత్తరం వచ్చిన రోజు ఎంత హాయిగా పడుకున్నానో తలుచుకుంటే నా మీద నాకే భయమేస్తోంది.

ఇప్పుడు ఈ కవరు తీసుకెళ్ళి మూల డబ్బాలో వేసి వస్తాను. నువ్వు చూస్తూనే ఉంటావు, దిగి వచ్చి తీసుకుంటావు, పైకి తీసుకెళ్ళి చదువుతావు. ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి మీ మెట్ల కింద ఇద్దరు పోలీసులూ, మా తమ్ముడూ, నేనూ ఉంటాం. కిటికీలోంచి చూస్తే కనిపిస్తాం. ఆ గదికి వెనకదారి లేదని కొట్టు ఆయన చెప్పాడు. తలుపులు పగలగొట్టడం, అరవడం అవీ ఏమీ ఉండవు, నేనే వద్దన్నాను. నువ్వే దిగి రా.

డబ్బు సంగతి వాళ్ళు చూసుకుంటారు. నాకు నీతో ఒక్కటే పని. అమ్మ ఆ మంచాలాయన చేతిలో పాలు తాగిందని మా తమ్ముడికి ఇంకా తెలియదు. వాడు వచ్చినప్పటినుంచి రెండుసార్లు మొదలుపెట్టాను, ఎదురుగా మొహం చూస్తుంటే నోరు పెగల్లేదు. అది నేను ఒక్కసారే చెప్పగలిగిన మాట. చెప్పేశాను, అది నీకు చేరింది. దిగేటప్పుడు నా ఉత్తరాలు పట్టుకురా. అవి మా తమ్ముడివి.